పొయ్యి వెలిగించకుండా పండ్ల చిరుతిండి: పాఠకుల ప్రశ్నలకు జవాబులు

ఈసారి అందిన ఉత్తరాల్లో చాలా భాగం ఒకే విషయం చుట్టూ తిరిగాయి. పొయ్యి వెలిగించకుండా, ఇంట్లో ఉన్న పండ్లతో త్వరగా చేసుకోగలిగే చిరుతిండి ఏదైనా చెప్పమని కొందరు కొలతలతో సహా అడిగారు. ముక్కలు నల్లబడ్డాయని, నీళ్ళోడాయని, చేదెక్కాయని మరికొందరు బాధపడ్డారు. అన్నీ చదివాక, చాలామంది పండ్లను బాగానే ఎంచుకుంటున్నారని, తడబాటంతా వేళ దగ్గరే వస్తోందని నాకు అనిపించింది. పొయ్యి మీది వంటలో ముందూ వెనకా అయినా మంట కొంత సర్దుతుంది. మంట లేని చోట ఏ పండును ముందు కోయాలి, దేనిని ఎప్పుడు కలపాలి, కలిపాక ఎంతసేపట్లో తినాలి అన్న వరుసే వంట అవుతుంది. కింది జవాబులన్నిటిలోనూ ఈ వరుస గురించే ఎక్కువగా చెప్పాను.

ప్రశ్న: సాయంత్రం పిల్లలు బడి నుంచి రాగానే ఆకలంటారు. నేనూ అప్పుడే పని నుంచి ఇల్లు చేరుతాను. పదిహేను నిమిషాలు మించకుండా, ప్రతిసారీ ఒకేలా కుదిరే పద్ధతి ఒకటి కొలతలతో చెప్పగలరా?

జవాబు: నలుగురికి సరిపోయేలా చెబుతాను. రెండు నారింజలు, ఒక పెద్ద యాపిల్, 200 గ్రాముల గింజలేని ద్రాక్ష, బాగా పండిన రెండు అరటిపండ్లు, 300 గ్రాముల గట్టి పెరుగు, ఒక పెద్ద చెమ్చా తేనె, ఒక చిన్న చెమ్చా నిమ్మరసం, గుప్పెడు బాదం లేదా వేయించిన వేరుశనగ పలుకులు, చిటికెడు ఉప్పు సిద్ధం చేసుకోండి. పండ్లు మారినా ఫరవాలేదు కానీ, పులుపూ రసమూ ఉన్నది ఒకటి, కరకరలాడేది ఒకటి, మెత్తగా తియ్యగా ఉండేది ఒకటి తప్పకుండా ఉండేలా చూసుకోండి. మూడూ మెత్తని పండ్లే అయితే నాలుగు చెమ్చాలకే మొహం మొత్తుతుంది, మూడూ పుల్లనివే అయితే పిల్లలు పక్కకు నెడతారు.

మొదట పెరుగులో తేనె, ఉప్పు వేసి, గడ్డలు లేకుండా గిలకొట్టి మళ్ళీ ఫ్రిజ్‌లో పెట్టండి. ఉప్పు ఎందుకని మీకు అనుమానం రావచ్చు. చిటికెడు ఉప్పు నాలుకకు ఉప్పగా తెలియకుండానే చేదును అణచి, తీపిని పైకి తెస్తుంది. తరువాత పండ్లన్నిటినీ కడిగి, శుభ్రమైన గుడ్డతో తడి లేకుండా తుడవండి. ఇక కోయడం నారింజతో మొదలుపెట్టాలి. తొక్క తీసి, చేదుగా ఉండే తెల్లని పీచును వీలైనంత వరకు ఒలిచి, తొనలను వెడల్పాటి గిన్నె మీదే పట్టుకుని సగాలుగా కోస్తే రసమంతా అందులోనే పడుతుంది. ఆ రసంలో నిమ్మరసం కలిపి, యాపిల్‌ను తొక్కతోనే చిన్న ముక్కలుగా కోస్తూ నేరుగా ఆ గిన్నెలోకే జారవిడవండి, మధ్యమధ్య గిన్నెను కుదుపుతూ ఉండండి. యాపిల్ ముక్క ప్రతి వైపూ పుల్లని రసంతో తడిస్తే రంగు మారడం బాగా ఆలస్యమవుతుంది. తొక్క తీయవద్దనడానికి కారణం ఉంది. 100 గ్రాముల యాపిల్‌లో తొక్కతో అయితే సుమారు 2.4 గ్రాముల పీచు ఉంటుంది, తొక్క తీస్తే అది 1.3 గ్రాములకు పడిపోతుంది. ద్రాక్షను నిలువుగా చీల్చి కలపండి. అరటిపండ్లను అన్నిటికన్నా చివర, వడ్డించే నిమిషంలో కోయండి.

గిన్నెల్లో అడుగున పండ్లు, వాటి మీద పెరుగు, ఆ పైన దంచిన పలుకులు వేసి ఇవ్వండి. పలుకులు ముందే కలిపితే పెరుగులోని తడిని పీల్చుకుని మెత్తబడిపోతాయి. చెమ్చాకు రెండు మూడు రకాల పండ్లు ఒకేసారి రావాలంటే ముక్కలు వేలి గోరంతకు మించకూడదు. ఇంకొక్క మాట, మరీ చల్లగా ఉన్నప్పుడు నాలుకకు తీపి సరిగ్గా తెలియదు. పండ్లు ఫ్రిజ్‌లో ఉంటే మీరు ఇంటికి రాగానే ముందు వాటిని బయట పెట్టి, ఆ తరువాత కాళ్ళూ చేతులూ కడుక్కోండి. ఆ పది నిమిషాల్లో పండ్ల చలి విరుగుతుంది, తేనె కూడా తక్కువ పడుతుంది.

ప్రశ్న: యాపిల్, అరటిపండు కోసిన పది నిమిషాలకే గోధుమరంగులోకి తిరుగుతాయి. నిమ్మరసం పిండితే పులుపు తప్ప మరే రుచీ తెలియడం లేదు. రంగు మారిన ముక్కలు చెడిపోయినట్టేనా? పిల్లల డబ్బాలో పెట్టి పంపే మార్గమేమిటి?

జవాబు: చెడిపోయినట్టు కాదు. పండు కణాల్లో ఫినాలిక్ పదార్థాలు ఒక అరలో, పాలీఫినాల్ ఆక్సిడేజ్ అనే ఎంజైము (రసాయన మార్పులను వేగంగా జరిపించే పదార్థం) మరొక అరలో విడివిడిగా ఉంటాయి. చాకు దిగినప్పుడు ఆ గోడలు తెగి రెండూ కలుస్తాయి, గాలిలోని ఆక్సిజన్ తోడవుతుంది, క్రమంగా గోధుమరంగు పదార్థాలు తయారవుతాయి. పొరపాటున చేయి జారి నేల మీద పడ్డ యాపిల్ దెబ్బ తగిలిన చోట కమిలేదీ ఇందువల్లనే. తాజాగా కోసిన ముక్క రంగు మారినంత మాత్రాన తినడానికి పనికిరాకుండా పోదు, కాకపోతే రుచి కొద్దిగా చప్పబడుతుంది, చూపుకు ఇంపుగా ఉండదు. చిరుతిండిలో చూపుకూ విలువ ఉంది కాబట్టి దాన్ని ఆపడానికి శ్రమపడటంలో తప్పేమీ లేదు.

నిమ్మరసం ఇక్కడ రెండు పనులు చేస్తుంది. దాని పీహెచ్ 2, 3 మధ్యలో ఉంటుంది, అంత పులుపులో ఆ ఎంజైము సరిగ్గా పనిచేయలేదు. అందులోని విటమిన్ సి, రంగు తయారవుతున్న దశలోనే ఆ చర్యను వెనక్కి తిప్పుతుంది. అయితే నిమ్మరసాన్ని ముక్కల మీద నేరుగా పిండనవసరం లేదు. ఒక కప్పు నీళ్ళలో ఒక పెద్ద చెమ్చా నిమ్మరసం కలిపి, యాపిల్ ముక్కలను మూడు నాలుగు నిమిషాలు మాత్రం ముంచి తీసి, నీరు పూర్తిగా ఓడ్చండి. పులుపు అంటీ అంటనట్టుగా ఉంటుంది. నిమ్మకాయ లేకపోతే లీటరు నీళ్ళలో అర చిన్న చెమ్చా ఉప్పు వేసి పది నిమిషాలు ఉంచి, ఆపైన మంచినీళ్ళతో ఒకసారి కడగండి. తేనె కలిపిన నీళ్ళు కూడా ఇదే పని చేస్తాయి, రుచికి నాకు అదే ఎక్కువ నచ్చుతుంది. వట్టి నీళ్ళలో వేస్తే మునిగి ఉన్నంతసేపు రంగు మారకపోవచ్చు, కానీ బయటికి తీశాక మళ్ళీ మొదలవుతుంది. పైగా ఎక్కువసేపు నానితే నీళ్ళలో కరిగే విటమిన్లు కొంత అందులోకే పోతాయి.

అరటిపండును మాత్రం ఎందులోనూ నానబెట్టవద్దు, జావగా మారుతుంది. నారింజ రసంలో పైపైన పొర్లించి వెంటనే తినడం ఒక్కటే దానికి తగిన మర్యాద. డబ్బాలో పంపాలంటే అరటిపండును తొక్కతోనే పంపండి. యాపిల్‌ను మధ్యలోని గింజల కాడ చుట్టూ నాలుగైదు చీలికలుగా కోసి, ఆ కాడను తీసివేసి, చీలికలను మళ్ళీ కాయ ఆకారంలో దగ్గరకు చేర్చి రబ్బరు బ్యాండు వేయండి. కోసిన ముఖాలు ఒకదానికొకటి అతుక్కుని ఉంటాయి కనుక గాలి లోపలికి పోదు. మొద్దుబారిన చాకు కణాలను కోయకుండా నలుపుతుంది, అందువల్ల రంగు ఇంకా త్వరగా మారుతుంది. ఇన్ని జాగ్రత్తలకు తీరిక లేని రోజున నారింజ, ద్రాక్ష, అనాస, పుచ్చకాయ వంటివి పెట్టండి. వాటికి ఈ బాధ దాదాపుగా లేదు.

ప్రశ్న: అనాసపండు ముక్కలు పెరుగులో కలిపి రాత్రి ఫ్రిజ్‌లో పెట్టాను. ఉదయానికి పెరుగు పలచబడి, చేదెక్కింది. పెరుగు తాజాదే, పండూ మంచిదే. మా అత్తగారు అంతా పారేయమన్నారు. తప్పెక్కడ జరిగింది?

జవాబు: మీ పెరుగుదీ తప్పు కాదు, పండుదీ కాదు. తాజా అనాసలో బ్రొమిలైన్ అనే ఎంజైము ఉంటుంది. అది మాంసకృత్తులను చిన్న చిన్న తునకలుగా తెంపుతుంది. పెరుగుకు గట్టిదనం ఇచ్చేవి పాలలోని మాంసకృత్తులే కనుక అవి తెగిన కొద్దీ పెరుగు పలచబడుతుంది, తెగిన తునకల్లో కొన్నిటికి చేదు రుచి ఉంటుంది. చలిలో ఈ పని నెమ్మదిస్తుందే గానీ ఆగదు, మీరు దానికి రాత్రంతా వ్యవధి ఇచ్చారు. కివీలో ఆక్టినిడిన్, బొప్పాయిలో పపైన్, అంజూరలో ఫిసిన్ ఇదే తరహాకు చెందినవి. బొప్పాయి పచ్చిగా ఉన్నప్పుడు పపైన్ ఎక్కువ, పండే కొద్దీ తగ్గుతుంది, అందువల్ల బాగా పండిన బొప్పాయితో ఈ ఇబ్బంది తక్కువ.

పొయ్యి మీద వంటలో అయితే వేడికి ఈ ఎంజైములు నశిస్తాయి. డబ్బాలో వచ్చే అనాస ముక్కలను ముందే వేడి చేస్తారు కాబట్టి అవి పెరుగులో ఎంతసేపున్నా చేదెక్కవు. మనం తాజా పండు వాడుతున్నాం కనుక మనకున్న ఉపాయం వేళను పాటించడమే. అనాస ముక్కలను ఒక గిన్నెలో, పెరుగును మరొక గిన్నెలో ఉంచి, తినే నిమిషంలో కలపండి. పది నిమిషాల్లో తినేస్తే చేదు మాటే రాదు. రాత్రే కలిపి పెట్టుకోవాలంటే యాపిల్, దానిమ్మ, ద్రాక్ష, మామిడి వంటి పండ్లను ఎంచుకోండి. అనాస ఎక్కువగా తిన్నప్పుడు నాలుక చురుక్కుమనడానికి కూడా ఈ బ్రొమిలైన్ ఒక కారణం. జెలటిన్‌తో జెల్లీ చేసేవారు తాజా అనాస వేస్తే అది ఎంతకీ గడ్డకట్టదు, ఎందుకంటే జెలటిన్ కూడా మాంసకృత్తే. ఇకపోతే, చేదెక్కిన పెరుగు విషమేమీ కాదు, అయినా మీ అత్తగారు పారేయమన్నది రుచి విషయంలో సరైన మాటే.

ప్రశ్న: పుచ్చకాయ, స్ట్రాబెర్రీ, మామిడి ముక్కల మీద చక్కెర, కొంచెం ఉప్పు చల్లి అతిథులు వచ్చేలోగా గంట ముందే సిద్ధం చేశాను. వడ్డించేసరికి గిన్నె నిండా నీళ్ళు, అందులో ముడుచుకున్న ముక్కలు. మళ్ళీ ఇలా కాకుండా ఏం చేయాలి?

జవాబు: చక్కెర గానీ ఉప్పు గానీ ముక్క పైన పడగానే తడిలో కరిగి చిక్కటి ద్రవమవుతుంది. లోపలి కణాల్లోని నీరు ఆ చిక్కదనం వైపు పొర దాటి బయటికి వస్తుంది. ఊరగాయ ముక్కలకు ఉప్పు పట్టించినప్పుడు నీరు ఊరేది కూడా ఇలాగే. పుచ్చకాయలో నూటికి 90 పాళ్ళకు పైగా నీరే ఉంటుంది కాబట్టి అది అన్నిటికన్నా ముందు నీళ్ళోడుతుంది. అందువల్ల పుచ్చకాయ మీద ఉప్పును తినే ముందు మాత్రమే చల్లాలి, చక్కెర అసలు అక్కరలేదు.

అయితే మీకు జరిగినదాన్ని కావాలనే చేసే పద్ధతి కూడా ఒకటుంది, నాకు అది ఎంతో ఇష్టం. 250 గ్రాముల స్ట్రాబెర్రీలను గానీ మామిడి ముక్కలను గానీ తీసుకుని ఒక పెద్ద చెమ్చా చక్కెర, నాలుగు చుక్కల నిమ్మరసం చల్లి, మూత పెట్టి ఇరవై నుంచి ముప్పై నిమిషాలు కదపకుండా ఉంచండి. పండు తన రసాన్ని తానే పాకంగా వదులుతుంది. ముక్క కొంచెం వడిలినట్టు కనిపించినా లోపల రుచి చిక్కబడుతుంది. ఆ ముక్కలను రసంతో సహా గట్టి పెరుగు మీద పోసుకుంటే, మంట అవసరమే లేకుండా పాకం పోసిన మిఠాయిలా ఉంటుంది. గంట దాటనిస్తే మాత్రం ముక్కలు పూర్తిగా ముడుచుకుపోతాయి. అతిథుల రాక ఖచ్చితంగా తెలియనప్పుడు ముక్కలను, చక్కెరను విడిగా ఉంచి, వారు గుమ్మంలో అడుగుపెట్టాక చల్లండి. మాటల్లో ఇరవై నిమిషాలు తేలిగ్గా గడిచిపోతాయి.

ప్రశ్న: పండ్లన్నీ మిక్సీలో వేసి రసం తీసి వడకట్టి ఇస్తే త్వరగా అయిపోతుంది కదా, ముక్కలు కోసే శ్రమ ఎందుకు?

జవాబు: త్వరగా అయిపోతుంది, త్వరగా తాగేయడమూ అవుతుంది, ఆకలీ అంతే త్వరగా తిరిగి వస్తుంది. వడకట్టినప్పుడు పీచు జల్లెడలో మిగిలిపోతుంది. ప్రపంచ ఆరోగ్య సంస్థ 2015లో చక్కెరల గురించి ఇచ్చిన మార్గదర్శకాల్లో పండ్ల రసాల్లోని చక్కెరను, తేనెను కూడా తగ్గించుకోవలసిన చక్కెరల్లోనే చేర్చింది. పండును పండుగా తిన్నప్పుడు అందులోని చక్కెరను అలా లెక్కించలేదు. మూడు నారింజల రసం ఒక గుక్కలో పోతుంది, అదే మూడు నారింజలను తొనలుగా తినమంటే రెండోదానికే చాలంటాం. రసం ఎప్పుడో ఒకసారి తాగడాన్ని నేను వద్దనను, కానీ రోజువారీ చిరుతిండిగా ముక్కలనే ఇవ్వండి.

ప్రశ్న: మా మనవరాలికి నాలుగేళ్ళు, మనవడికి తొమ్మిది నెలలు. ఇద్దరికీ ఒకే గిన్నెలోంచి పండ్లు పెట్టవచ్చా? తేనె కొంచెం నాకిస్తే మంచిదని పెద్దలు అంటారు.

జవాబు: అమ్మా, ఈ ఒక్క జవాబును ఇంట్లో అందరికీ చదివి వినిపించండి. ఏడాది నిండని బిడ్డకు తేనె చుక్క కూడా పెట్టకూడదు. తేనెలో క్లాస్ట్రీడియం బొట్యులినం అనే సూక్ష్మజీవి బీజాలు ఉండవచ్చు. పెద్దల పేగుల్లో అవి మొలకెత్తలేవు గానీ, పసిపిల్లల పేగుల్లో మొలకెత్తి విషాన్ని తయారుచేస్తాయి, కండరాలు చచ్చుబడి ఊపిరికే ప్రమాదం రావచ్చు. తేనె ఎంత స్వచ్ఛమైనదైనా ఈ భయం తొలగదు. మనవడికి బాగా పండిన అరటిపండును, బొప్పాయిని చెమ్చాతో మెదిపి, తీపి ఏదీ కలపకుండా పెట్టండి. కొత్త పండును ఒకసారికి ఒకటి చొప్పున మొదలుపెడితే ఏది పడిందో, ఏది పడలేదో తెలుస్తుంది.

మనవరాలి విషయంలో జాగ్రత్త వేరు. ద్రాక్ష గుండ్రంగా, జారుతూ, మెత్తగా ఉంటుంది, చిన్నపిల్లల గొంతులో సరిగ్గా అడ్డంగా కూర్చుంటే గాలిదారి పూర్తిగా మూసుకుపోతుంది. ఐదేళ్ళ లోపు పిల్లలకు ద్రాక్షను నిలువుగా నాలుగు చీలికలు చేసి మాత్రమే ఇవ్వాలి, అడ్డంగా రెండు ముక్కలు చేస్తే ఆ గుండ్రదనం పోదు. యాపిల్‌ను పలుచని పొరలుగా కోయండి, ఇంకా చిన్నపిల్లలకైతే తురమండి. బాదం, జీడిపప్పు, వేరుశనగ వంటివి ఆ వయసులో గింజలుగా ఇవ్వకుండా, మెత్తగా పొడి చేసి చల్లండి. పిల్లలు పరుగెడుతూ గానీ, పడుకుని గానీ తినకుండా కూర్చోబెట్టి తినిపించడం వీటన్నిటికన్నా ముందు మాట.

ప్రశ్న: పొయ్యి, ఓవెన్ లేని హాస్టల్ గదిలో ఉంటున్నాను. నాకున్నవి చిన్న మిక్సీ, అందరికీ కలిపి ఉన్న ఒక ఫ్రిజ్. మిఠాయిలా అనిపించే పండ్ల చిరుతిండి ఏదైనా సాధ్యమా?

జవాబు: రెండు ఉన్నాయి. మొదటిది ఖర్జూరం ఉండలు. గింజ తీసిన మెత్తని ఖర్జూరాలు 200 గ్రాములు, బాదం లేదా అక్రోటు పలుకులు 100 గ్రాములు, చిటికెడు ఉప్పు తీసుకోండి. ముందు పలుకులను మిక్సీలో ఆపి ఆపి తిప్పి, రవ్వలా ఉన్నప్పుడే తీసేయండి, వదలకుండా తిప్పితే నూనె ఊరి ముద్దవుతుంది. తరువాత ఖర్జూరాలను కొద్దికొద్దిగా వేసి తిప్పి, రెండిటినీ ఉప్పుతో కలిపి చేత్తో పిసికి, పదిహేను ఉండలు చేయండి. ఖర్జూరం ఎండినట్టు ఉంటే అరగంట నీళ్ళలో వేసి, నీరు పూర్తిగా ఓడ్చాకే వాడాలి, లేకపోతే ఉండ కట్టదు. ఇందులో చక్కెర వేయకండి, ఖర్జూరం బరువులో సగానికి పైగా చక్కెరే. మూత ఉన్న డబ్బాలో, ఫ్రిజ్‌లో వారం రోజులు నిలవ ఉంటాయి. ఒకసారికి రెండు తింటే సరిపోతుంది.

రెండవది అరటిపండు ఐస్‌క్రీమ్, దీనికి ఒక్క అరటిపండు తప్ప ఏమీ అక్కరలేదు. తొక్క మీద మచ్చలు వచ్చేంతగా పండిన మూడు అరటిపండ్లను ఒలిచి, వేలి మందాన చక్రాలుగా కోసి, పళ్ళెంలో ఒకదానికొకటి తగలకుండా పరిచి, ఫ్రీజర్‌లో కనీసం మూడు గంటలు ఉంచండి. తొక్కతో పెడితే ఆ తరువాత ఒలవడం గగనమవుతుంది. గడ్డకట్టిన చక్రాలను మిక్సీలో వేస్తే మొదట పొడిపొడిగా రాలుతుంది, తరువాత ముద్ద కడుతుంది. చాలామంది అక్కడే పాలు పోసి చెడగొట్టుకుంటారు. మీరు ఆగి, అంచులకు అంటినదాన్ని గరిటెతో కిందికి లాగి, మళ్ళీ తిప్పండి. ఇంకొక నిమిషంలో అది ఒక్కసారిగా వెన్నలా మారడాన్ని మీ కళ్ళతో చూస్తారు. పుచ్చకాయను ఇలాగే గడ్డకట్టించి తిప్పితే మంచు తునకలే వస్తాయి, ఎందుకంటే దానిలో నీరు మరీ ఎక్కువ. అరటిపండులో నీరు నూటికి 75 పాళ్ళే, మిగిలిన గుజ్జులోని చక్కెర, పెక్టిన్ అనే జిగురు పీచు కలిసి మంచు స్ఫటికాలు పెద్దవి కాకుండా అడ్డుకుంటాయి. తయారవగానే తినేయాలి, తిరిగి ఫ్రీజర్‌లో పెడితే రాయవుతుంది. చిన్న మిక్సీ మోటారు వేడెక్కకుండా సగం సగం వేసి తిప్పుకోండి.

ప్రశ్న: ఉదయమే పండ్లన్నీ కోసి పెట్టుకుంటే సాయంత్రం దాకా ఉంటాయా? తొక్క తీసి తినే పండ్లను కూడా కడగాలా? సబ్బు నీళ్ళు వాడవచ్చా?

జవాబు: చివరి ప్రశ్న నుంచి వస్తాను. సబ్బు వద్దు, పండు తొక్కకు కంటికి కనిపించని రంధ్రాలుంటాయి, సబ్బు వాటిలో నిలిచిపోవచ్చు. ధారగా పడే నీటి కింద చేతితో రుద్ది కడిగితే చాలు. ఖర్బూజా వంటి గరుకు తొక్క ఉన్నవాటికి శుభ్రమైన బ్రష్ వాడండి. తొక్క తినకపోయినా కడగవలసిందే, ఎందుకంటే తొక్క మీదున్న మట్టినీ సూక్ష్మజీవులనూ చాకే లోపలి గుజ్జులోకి మోసుకుపోతుంది. మంట తగలని తిండిలో ఆ తరువాత వాటిని చంపేది ఏదీ లేదు. అదే కారణంగా పచ్చి మాంసం కోసిన పలక మీద పండ్లు కోయకూడదు. స్ట్రాబెర్రీ, ద్రాక్ష వంటివాటిని తినే ముందే కడగాలి, కడిగి దాస్తే తడికి బూజు పడుతుంది.

కోసిన పండ్లను గది వేడిలో రెండు గంటలకు మించి ఉంచవద్దు, ఎండ మండే రోజున అయితే ఒక గంటే. మూత పెట్టి, 5 డిగ్రీల సెల్సియస్ లోపు చలిలో ఉంచితే సాయంత్రం దాకా నిశ్చింతగా తినవచ్చు. పుచ్చకాయ, ఖర్బూజా, బొప్పాయి విషయంలో మరింత జాగ్రత్తగా ఉండండి, వాటిలో పులుపు తక్కువ కనుక సూక్ష్మజీవులు తేలిగ్గా పెరుగుతాయి. నారింజ, అనాస వంటి పుల్లని పండ్లలో అవి అంత సులువుగా పెరగలేవు.

ప్రశ్న: కొన్న పండ్లు గట్టిగా, పుల్లగా ఉన్నాయి. ఇంట్లో ఉంచితే తియ్యబడతాయా?

జవాబు: పండును బట్టి ఉంటుంది. అరటి, మామిడి, బొప్పాయి, కివీ చెట్టు నుంచి కోసిన తరువాత కూడా పండుతాయి, కాగితపు సంచిలో ఒక యాపిల్‌తో కలిపి ఉంచితే అది విడిచే ఇథిలీన్ వాయువు వల్ల ఇంకా త్వరపడతాయి. ద్రాక్ష, నారింజ, అనాస, స్ట్రాబెర్రీ చెట్టు నుంచి విడివడ్డాక తియ్యబడవు, మెత్తబడితే మెత్తబడతాయి గానీ తీపి పెరగదు. అటువంటివాటిని కొనేటప్పుడే వాసన చూసి, రుచి చూసి తీసుకోవాలి.

ప్రశ్న: మావారికి మధుమేహం. మేమంతా పండ్లు తింటుంటే ఆయన చూస్తూ కూర్చోవడం నాకు కష్టంగా ఉంది.

జవాబు: పూర్తిగా మానవలసిన అవసరం సాధారణంగా ఉండదు, కొలత ముఖ్యం. ఒక చిన్న యాపిల్‌లో గానీ, ఒక పెద్ద అరటిపండు సగంలో గానీ సుమారు 15 గ్రాముల పిండిపదార్థం ఉంటుంది. ఒకసారికి ఆ మేరకు, పండుగానే, రసంగా కాకుండా, గుప్పెడు పలుకులతోనో చక్కెర లేని పెరుగుతోనో కలిపి తింటే రక్తంలో చక్కెర ఒక్కసారిగా ఎగబాకదు. ఆయన గిన్నెలో తేనె, ఖర్జూరం వేయకండి. రోజుకు ఎన్నిసార్లన్నది ఆయనను చూస్తున్న వైద్యుణ్ణి అడిగి నిర్ణయించుకోండి. మూత్రపిండాల జబ్బు కూడా ఉంటే అరటిపండు వంటి పొటాషియం ఎక్కువున్న పండ్లకు వారి అనుమతి తప్పనిసరి, నక్షత్రఫలం (స్టార్‌ఫ్రూట్) మాత్రం అసలు ముట్టకూడదు.

ప్రశ్న: దానిమ్మ ఒలిస్తే గోడలూ బట్టలూ ఎర్రబడుతున్నాయి. వేరే దారి ఉందా?

జవాబు: కాయ పైభాగాన్ని పలుచగా కోసి, చెక్కల గీతల వెంట తొక్కకు మాత్రమే గాట్లు పెట్టి, లోతైన గిన్నెడు నీళ్ళలో ముంచి, నీళ్ళ అడుగునే వేళ్ళతో విడదీయండి. గింజలు అడుక్కి దిగుతాయి, తెల్లని పొరలు పైకి తేలుతాయి, రసం చిందితే నీళ్ళలోనే ఉండిపోతుంది. పొరలను తీసేసి, గింజలను వడకట్టి, గుడ్డ మీద ఐదు నిమిషాలు ఆరనిచ్చి పైన చెప్పిన గిన్నెల్లో చిట్టచివర చల్లుకోండి.